గండిపేట ఎందుకు కట్టారో ఎవరికైనా గుర్తుందా?

గండిపేట అనగానే మనవాళ్ళకి ఏం గుర్తొస్తుంది? ఆదివారం సాయంత్రం బండేసుకుని వెళ్ళడం, నాలుగు ఫొటోలు, దారిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు. జీతం కాస్త పెరిగినవాళ్ళకైతే "లేక్ వ్యూ" ఫ్లాటు. మొన్నామధ్య మా ఆఫీసు క్యాంటీన్లో ఈ ప్రస్తావనే వచ్చింది. టేబుల్ చుట్టూ ఎనిమిది మందిమి ఉన్నాం. ఆ చెరువు అసలు ఎందుకు కట్టారంటారు అని నేనడిగితే ఐదుగురు "తాగునీళ్ళకి" అన్నారు. ఒకడు "నిజాం గారి పిక్నిక్‌కి" అన్నాడు (వాడెప్పుడూ అంతే). ఏడో మనిషి ఏమీ అనలేదు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

తాగునీళ్ళు అన్నది పూర్తిగా తప్పేం కాదు. కొన్ని దశాబ్దాల పాటు హైదరాబాదు తాగింది ఆ నీళ్ళే. కానీ గండిపేట, అదే మన ఉస్మాన్‌సాగర్, దాని జంట హిమాయత్‌సాగర్, ఈ రెండూ పుట్టింది ఒక వరదలోంచి. ఆ వరద సంగతి ఈ ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్న మనలో చాలామందికి తెలీదు. తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి అంటారా? దానికే వస్తున్నా.

1908 సెప్టెంబరు 28. అంతకు ముందు నుంచీ వాన. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు పడింది. మన లెక్కలో రెండు రోజులకి 48 సెంటీమీటర్లు. ఇప్పుడు మనం అర్ధరాత్రి క్యాబ్ బుక్ చేసుకుని విమానం ఎక్కడానికి పోతామే, ఆ శంషాబాదే. ఆ నేల మీద పడ్డ వాన ఈసీ వాగులోకి పోతుంది. మూసీ ఏమో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి వస్తుంది. రెండూ లంగర్‌హౌస్ దగ్గర, ఇప్పుడు బాపూఘాట్ ఉన్నచోట, కలిసి ఊళ్ళోకి ప్రవేశిస్తాయి.

వాన ఒక్కటే అయితే ఆ వరద అంత ఉండేది కాదేమో. ఊరికి పైన ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతం దాదాపు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు. అన్నీ గొలుసుకట్టు చెరువులు: పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. మామూలు రోజుల్లో ఇంత చక్కటి ఏర్పాటు ఇంకోటి లేదు. కానీ పై చెరువు కట్ట తెగితే? అలుగు మీద నుంచి నెమ్మదిగా రావలసిన నీళ్ళు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ దెబ్బకి కింది కట్ట తెగుతుంది. అప్పుడు రెండు చెరువుల నీళ్ళు కలిసి మూడో దాని మీదికి. ఒక సర్వర్ పడిపోతే దాని లోడంతా పక్కదాని మీద పడి, అదీ పడిపోయి, తెల్లారేసరికి క్లస్టర్ మొత్తం పోవడం మనం చూస్తూనే ఉంటాం కదా, అచ్చం అలాగే. ఆ రెండ్రోజుల్లో 221 చెరువులు తెగాయి. ఊళ్ళోకి వచ్చిన వరద గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులని తర్వాత లెక్కగట్టారు.

మామూలుగా చూస్తే మూసీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని దాటే ఆ నల్లటి కాలువని చూసి, ఇందులో నాలుగు లక్షల క్యూసెక్కులు పారాయంటే నమ్మబుద్ధి కాదు. అప్పటివాళ్ళకీ నమ్మబుద్ధి అయ్యుండదు. అందుకే ఇళ్ళల్లో ఉండిపోయారు.

చనిపోయినవాళ్ళు 15,000 మంది అన్నది ఎక్కువచోట్ల కనిపించే లెక్క. అంతకంటే చాలా ఎక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. కోల్సావాడి అనే పేట మొత్తం కొట్టుకుపోయింది. అఫ్జల్ పుల్, ముసల్లంజంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్, ఈ మూడు వంతెనలూ తెగాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపుల్ ఒక్కటే దెబ్బలు తిని నిలబడింది. (మన ఫ్లైఓవర్లకి వేసే గ్యారంటీ కాలం గుర్తొచ్చి నవ్వొచ్చింది.) ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ దవాఖానా రోగులతో సహా మునిగింది. ఆ దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఉండేది. నీళ్ళు పెరుగుతుంటే దాని కొమ్మలెక్కి కూర్చున్నవాళ్ళు దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు పోలేదు. వందేళ్ళు దాటాక కూడా ఉస్మానియా ఆసుపత్రి వెనకాల అలాగే ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొంతమంది చరిత్రాభిమానులు దాని కింద చేరి చనిపోయినవాళ్ళని తలుచుకుంటుంటారు.

అమ్జద్ హైదరాబాదీ అని ఉర్దూ రుబాయీలకి పెద్ద పేరున్న కవి. ఆ రోజు ఆయన కళ్ళ ముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయనొక్కడూ మిగిలాడు. తర్వాత ఆ వరద మీద "ఖయామత్-ఎ-సుగ్రా" అనే కవిత రాశాడు. చిన్న ప్రళయం అని అర్థం. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న మనిషి దానికి "చిన్న" అని పేరు పెట్టడం చూసి నేను కాసేపు అక్కడే ఆగిపోయాను. ముందుంది పెద్దది, అంతిమ దినం, దాని ముందు ఇది చిన్నదే అన్న లెక్క కావచ్చు. ఏదైనా ఆ పేరు మనసులోంచి పోదు.

ఇంకో కథ కూడా చెప్తారు. మూసీ శాంతించాలంటే రాజు పూజ చెయ్యాలని పురోహితులు చెబితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధోవతి కట్టుకుని నదికి హారతిచ్చి, చీర, ముత్యాలు సమర్పించాడని. అచ్చంగా ఇలాగే జరిగిందా, జనం నోళ్ళలో పెరిగిందా అన్న వాదన నాకు అంత ముఖ్యం కాదు. ఊరు తన రాజుని ఆ రూపంలో గుర్తుపెట్టుకుంది. ఊరి జ్ఞాపకం అంటే అదే.

ఇప్పుడు ఆ ఏడో మనిషి సంగతి. మా పక్క టీంలో టెస్టింగ్ చూస్తాడు, వయసులో నాకంటే పెద్దాయన, అందరం భాయ్ అంటాం. సొంతూరు ఎక్కడంటే "యహీఁ" అంటాడు. పేట్లబుర్జు వైపు పాత ఇల్లు, నాలుగు తరాలుగా అక్కడే. క్యాంటీన్లోంచి లేచి వస్తుంటే నాతో అన్నాడు, "మా ఇంట్లో దాన్ని తుగ్యానీ అంటారు" అని. తుగ్యానీ అంటే ఉప్పొంగడం, కట్టుదాటడం. పాతనగరంలో ఆ వరద పేరే "తుగ్యానీ సితంబర్". వాళ్ళ తాతమ్మకి పుట్టిన తేదీ లేదు. తుగ్యానీ నాటికి చంకలో పిల్ల, అంతే లెక్క. వాళ్ళ ఇంటి గడప వీధి కంటే నాలుగు మెట్లు ఎత్తున ఉంటుందట. వరద తర్వాత మళ్ళీ కట్టినప్పుడు ఎత్తు చేసి కట్టారు. ఇప్పుడు వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు. ర్యాంపు వేయిద్దామని మేస్త్రీని పిలిస్తే, ఆ మేస్త్రీ అడిగాడట, "ఇంత ఎత్తు ఎవరు పెట్టారు భయ్యా, అనవసరంగా?" అని.

ఆ "అనవసరంగా" అన్న మాట నన్ను వదల్లేదు. ఈ టపా అంతా ఆ ఒక్క మాట గురించే అనుకోండి.

మా అమ్మమ్మ వాళ్ళది దివిసీమ. అక్కడ ఇలా ఉండదు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు, అయినా నాకు తెలుసు. ఎందుకంటే మా అమ్మమ్మ మాటల్లో అదే క్యాలెండరు. పెద్దమావయ్య పెళ్ళి ఉప్పెనకి రెండేళ్ళ ముందు, చెరువు గట్టు మీద రావిచెట్టు ఉప్పెన తర్వాత వేసింది. కార్తీకమాసం వచ్చిందంటే పొలం కాగితాలు, బియ్యం బస్తా అటక మీదికి వెళ్తాయి. టీవీలో వాయుగుండం అనలేదమ్మా అంటే "టీవీ వాడికేం తెలుసురా, గాలి తిరిగింది చూడు" అంటుంది. జ్ఞాపకం అలా పనిచేస్తుంది. అటక మీద బియ్యం బస్తా రూపంలో.

హైదరాబాదుకి అలాంటి అమ్మమ్మ లేదు అనలేను. ఉంది, పేట్లబుర్జులో ఉంది. కానీ ఊరు ఆమెని దాటి ముప్పై కిలోమీటర్లు పడమరకి జరిగిపోయింది. ఈ ఊళ్ళో ఇవాళ ఉన్నవాళ్ళలో ఎక్కువమందిమి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళం. గుంటూరు, కరీంనగర్, కాకినాడ, కర్నూలు. ఎవరి వరద వాళ్ళకి గుర్తుంది. ఈ ఊరి వరద ఎవరికీ గుర్తులేదు. వచ్చినవాళ్ళని తప్పుపట్టడానికి ఈ మాట అనట్లేదు, మనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పలేదు అంటే, మనుషులు చెప్పలేదు. గుర్తులు మాత్రం ఊరి నిండా ఉన్నాయి. ఊళ్ళోకి బస్సులో వచ్చిన ప్రతివాడూ దిగింది ఇమ్లీబన్‌లో. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. నది ఒడ్డు చింతతోపులో బస్టాండు కట్టాం, పేరు మాత్రం మిగిలింది. అఫ్జల్‌గంజ్ నుంచి నయాపుల్ దాటేటప్పుడు ఇటు ఉస్మానియా ఆసుపత్రి, అటు హైకోర్టు కనిపిస్తాయి కదా. నదికి రెండు వైపులా అంత పెద్ద భవనాలు ఎదురెదురుగా ఎందుకున్నాయంటే, వరద ఊడ్చేసిన ఒడ్డుని బాగుచేసి కట్టారు కాబట్టి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అని ఒకటి పెట్టింది వరద తర్వాతి ఆలోచనల్లోంచే. ఒడ్డున రాతిగోడలు, వెడల్పు రోడ్లు, తోటలు అన్నీ ఆ తర్వాతవే. అంటే మనం అందమైన పాత హైదరాబాదు అని ఫొటోలు తీసుకునేదాంట్లో సగం, నిజానికి ఒక వరద మిగిల్చిన గాయానికి వేసిన కట్టు.

ఆ కట్టు కట్టినవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం వదిలి విదేశాలు తిరుగుతున్న ఆయన్ని నిజాం ప్రభుత్వం కబురంపి పిలిపించింది. 1909 ఏప్రిల్లో వచ్చాడు. పైన వానలు ఎక్కడ ఎంత పడ్డాయి, ఎన్ని చెరువులు తెగాయి అన్నీ లెక్క తీయించాడు. నేను పైన చెప్పిన 788, 221 అంకెలు ఆ లెక్కల్లోవే. ఘటన జరిగి ఏడాది తిరిగేసరికి, 1909 అక్టోబరులో, రిపోర్టు ఇచ్చేశాడు. (మన రూట్ కాజ్ అనాలిసిస్ డాక్యుమెంట్లు ఎన్ని రిలీజులు దాటినా డ్రాఫ్టులోనే ఉంటాయి.)

ఆయన చెప్పింది మనకి సులువుగా అర్థమయ్యే విషయమే. నది ఊళ్ళోంచి సురక్షితంగా మోయగలిగిన నీళ్ళు ఇన్ని అని ఒక హద్దు ఉంది. వచ్చేది దానికంటే ఎక్కువైతే ఊరికి పైనే పట్టి ఉంచి, మోయగలిగినంతే వదలాలి. మన భాషలో బఫరు, రేట్ లిమిటరు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. అలా 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఎలాగూ నీళ్ళు నిలుస్తున్నాయి కాబట్టి ఊరికి తాగునీరూ వచ్చింది. గండిపేట నీళ్ళు వాలులో వాటంతటవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి, పంపులు అక్కర్లేదు. ఆ నీళ్ళ రుచి గురించి పాత హైదరాబాదీలు చెప్తుంటే వినాలి.

కథలో మెలిక ఇక్కడే ఉంది. తాగునీటివాడికి చెరువు ఎప్పుడూ నిండుగా ఉండాలి. వరదవాడికి ఖాళీగా ఉండాలి. ఒకే చెరువు ఇద్దరికీ ఎలా పనిచేస్తుంది? కొంత ఖాళీ వదిలిపెట్టాలి, ఆ ఖాళీ ఎందుకు వదులుతున్నామో ప్రతి తరానికీ గుర్తుండాలి. వరద రాని ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఖాళీ వృథాగా కనిపిస్తుంది. మేస్త్రీకి ఆ నాలుగు మెట్లు కనిపించినట్టు.

మనందరికీ ఇలాంటిది అనుభవమే. పాత కోడ్‌లో ఎక్కడో ఒక వింత చెక్ ఉంటుంది. కామెంట్ ఉండదు. రాసినవాడు కంపెనీ మారిపోయి ఉంటాడు. కొత్తగా చేరినవాడు చూసి, ఇదెందుకు ఇక్కడ, ఎప్పుడూ ట్రూ కాదే అని తీసేస్తాడు. టెస్టులన్నీ పాసవుతాయి. ఆ చెక్ ఏ రాత్రి రెండింటికి ఏ ఘోరం జరిగాక పెట్టారో చెప్పేవాడు లేడు. గండిపేట మీద ఆ కామెంట్ ఎప్పుడో చెరిగిపోయింది.

ఎలా చెరిగిందో చూడండి. 1965లో మంజీరా నీళ్ళు, 2004లో కృష్ణా నీళ్ళు, 2015లో గోదావరి నీళ్ళు ఊరికి వచ్చాయి. మధ్యలో 1996లో జీవో 111 వచ్చింది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు, పరిశ్రమలు వద్దని. మంచి జీవోనే, కానీ అది చెప్పిన కారణం తాగునీటి చెరువులు కలుషితం కాకూడదని. కారణం నీళ్ళ నాణ్యత దగ్గరికి వచ్చేసింది, వరద మాట వెనక్కిపోయింది. 2022 ఏప్రిల్లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేసినప్పుడు చెప్పిన వాదన కూడా అదే దారిలో సాగింది: ఇప్పుడు ఊరు తాగే నీళ్ళలో ఈ రెండింటి వాటా 1.25 శాతం కూడా లేదు, ఇంక ఎందుకీ కట్టుబాట్లు అని. ఆ అంకెతో నాకు పేచీ లేదు. తాగునీటికి ఒక్క చుక్క వాడకపోయినా ఆ చెరువుల అసలు ఉద్యోగం అలాగే ఉంది. వాటి పైన నేలంతా కాంక్రీటు అయితే, ఇంకే వాన ఇంకకుండా గంటల్లో వచ్చి పడుతుంది. 1908లో కట్టలు తెగితే వచ్చిన వేగం, కట్ట తెగకుండానే రావచ్చు. అనుకూలంగా మాట్లాడినవాళ్ళూ, వ్యతిరేకంగా మాట్లాడినవాళ్ళూ ఎక్కువగా తాగునీరు, పర్యావరణం, భూముల ధరలు, 84 గ్రామాల రైతులకి జరిగిన అన్యాయం గురించే మాట్లాడారు. (ఆ రైతుల బాధలో న్యాయం ఉంది. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. గీతకి ఇవతల వాడు కోటీశ్వరుడు, అవతల వాడు పాతికేళ్ళుగా ఇల్లు కట్టుకోలేనివాడు. పరిహారం ఇవ్వకుండా ఊరి భద్రత బరువంతా వాళ్ళ నెత్తిన పెట్టడం ఏం న్యాయం?)

ఒక చిన్న లెక్క చేద్దాం. ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీ, హిమాయత్‌సాగర్ 2.97. కలిపి 6.87. 1908 గరిష్ఠ వరద 4,25,000 క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు. గంటకి 3,600 సెకన్లు. గుణిస్తే గంటకి 1.53 టీఎంసీ. అంటే రెండు చెరువులూ ఎండిపోయి ఖాళీగా ఉన్నా, అదే గరిష్ఠ వరద అలాగే వస్తూ ఉంటే, నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. నిజానికి గరిష్ఠం అంతసేపు ఉండదు, వచ్చింది వచ్చినట్టు గేట్లూ వదులుతుంటాయి, కాబట్టి ఇది మోటు లెక్కే. మోటు లెక్క అయినా ఒక సంగతి చెప్తుంది. ఖాళీగా ఉంటే మనకి కొన్ని గంటలు దొరుకుతాయి. నిండుగా ఉంటే ఆ గంటలు కూడా లేవు.

ఎప్పుడు నిండుగా ఉంటాయి? వానాకాలం చివర్లో. ఈ ఊరిని ముంచిన వానల తేదీలు చూడండి: 1908 సెప్టెంబరు 28, 2000 ఆగస్టు 24, 2020 అక్టోబరు 13, 2025 సెప్టెంబరు 26. ఒక్కటి కూడా జూన్‌లో లేదు.

2000లో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది, హుస్సేన్‌సాగర్ నాలా పక్కన కాలనీలు మునిగాయి. 2020లో పల్లెచెరువు తెగి ఫలక్‌నుమా వైపు అలీనగర్‌లో మనుషులు కొట్టుకుపోయారు, నాలుగైదు రోజులకి గుర్రంచెరువు గండిపడి హాఫిజ్‌బాబానగర్ మునిగింది. మళ్ళీ అదే గొలుసుకట్టు, అదే కథ. అదే ఏడాది జులైలో ఉస్మానియా ఆసుపత్రి పాతభవనంలో వార్డుల్లోకి నీళ్ళొచ్చి మంచాల మధ్య పారాయి. వరదలో మునిగిన దవాఖానా స్థానంలో కట్టిన ఆసుపత్రి అది. 2025లో జంట జలాశయాల గేట్లెత్తితే ఇమ్లీబన్ బస్టాండులోకి మూసీ వచ్చేసింది, రాత్రిపూట ప్రయాణికులు చిక్కుకుపోయారు. దసరాకి ఊరెళ్ళేవాళ్ళ రద్దీ అప్పుడే మొదలైంది. 1908తో పోలిస్తే అది చాలా చిన్న ప్రవాహం.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువ భయపెట్టేది 2020 అంకె ఒకటి. ఆ రోజు ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. 1908లో శంషాబాదులో 24 గంటల్లో పడిన 12.8 అంగుళాలని సెంటీమీటర్లలోకి మార్చి చూడండి. 32.5. దాదాపు అదే వాన. కాకపోతే ఘట్‌కేసర్ ఊరికి తూర్పున, కింద ఉంది. ఆ మేఘం ఊరు దాటి కురిసింది. నలభై యాభై కిలోమీటర్లు ఇవతల కురిసుంటే ఏమయ్యేదో!

మా రూమ్మేటు వాదన ఇలా ఉంటుంది: "అప్పుడు రాడార్లు లేవు, ఫోన్లు లేవు. ఇప్పుడు వాతావరణ శాఖ ముందే చెప్తుంది, అందరూ ఖాళీ చేస్తారు". నిజమే, హెచ్చరికలు మనుషులని బతికిస్తాయి. కానీ హెచ్చరిక పనిచెయ్యాలంటే వినేవాడికి దాని అర్థం తెలియాలి. గోదావరి జిల్లాలవాళ్ళని అడగండి. భద్రాచలం దగ్గర 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. బడికెళ్ళే పిల్లాడికి కూడా ఆ అంకెలు తెలుసు. 1986లో 75.6 దాకా వచ్చిందని పెద్దలు చెప్తారు, అందుకే 2022 జులైలో 71 దాటినప్పుడు దాని అర్థం ఏంటో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. మూసీకి అలాంటి అంకె మన నోళ్ళలో ఏదైనా ఉందా? "గండిపేట రెండు గేట్లెత్తారు" అని స్క్రోలింగ్ వస్తే మనం చేసేది వీడియో తియ్యడానికి వెళ్ళడం.

ఇంకో మాట కూడా అనాలి. మూసీ మునిగిందనగానే మన గ్రూపుల్లో వచ్చే మొదటి మెసేజ్ "నదిలో గుడిసెలేసుకుంటే మునగరా మరి" అని. 2024లో ఒడ్డు ఇళ్ళ మీద ఎర్ర పెయింటుతో గుర్తులు పెట్టినప్పుడూ అదే మాట. నది గర్భంలో ఇల్లు ఉండకూడదు, ఒప్పుకుంటాను. కానీ కింద గుడిసె వేసుకున్నవాడు వరదని తయారుచెయ్యడు. పైన చెరువుని పూడ్చి, నాలాని పైపులోకి దూర్చి, పార్కింగ్ మొత్తం టైల్స్ పరిచినవాడు తయారుచేస్తాడు. ఆ పైన ఉండేది ఎవరో మనకి తెలుసు, వాళ్ళ ఇంటి కంతులు మన జీతాల్లోంచే కడుతున్నాం.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్లో రోజూ వేలమంది రైలు మారతారు. అక్కడి స్తంభాల మీద, బస్టాండు గోడల మీద, ఉస్మానియా ఆసుపత్రి గేటు దగ్గర, ఎక్కడెక్కడ 1908 నీటిమట్టం ఎంతదాకా వచ్చిందో లెక్కగట్టి ఒక గీత గియ్యాలి. పక్కన తేదీ రాయాలి, చాలు. 2020, 2025 గీతలు కూడా దాని కిందే. గండిపేట గట్టు దగ్గర బోర్డు మీద చెరువు విస్తీర్ణం, ప్రారంభించినవారి పేర్లతో పాటు ఎందుకు కట్టారో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. స్కూలు పుస్తకంలో ఒక పేజీ. ఈ మాట క్యాంటీన్లో అంటే, ఈమధ్యే హిమాయత్‌సాగర్ వైపు ఫ్లాటు బుక్ చేసిన మిత్రుడొకడు గాభరాగా "అలా గీతలు గీస్తే రేట్లు పడిపోవూ?" అన్నాడు. గీత లేకపోయినా నీళ్ళు వచ్చేది అక్కడికే కదా అంటే వాడి దగ్గర జవాబు లేదు, నా మీద కోపం మాత్రం వచ్చింది.

భాయ్ మాత్రం ర్యాంపు వేయించాడు. నాలుగు మెట్లకి సరిపడా పొడుగ్గా, వీధి దాకా. గడప ఎత్తు తగ్గించనివ్వలేదు.

ఫ్లాటు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఒక పని చెయ్యండి. హెచ్ఎండీఏ వాళ్ళు చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు సర్వే నంబర్లతో సహా ఆన్‌లైన్లో పెట్టారు. బ్రోచర్లో సర్వే నంబరు ఉంటుంది, లేకపోతే అడిగి తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పైన ఏ చెరువు ఉంది, దాని అలుగు నీళ్ళు ఎటు పోవాలి, ఆ దారిలో మీ టవర్ ఉందా లేదా అన్నది ఒక శనివారం పొద్దున పని. సేల్స్ కుర్రాడిని మాత్రం అడక్కండి, పాపం వాడూ నిన్నగాక మొన్న ఈ ఊరొచ్చినవాడే :)